మందుకు దారి చెప్పేదెవరు

శంషాబాద్,
జూలై 4, 2011.

డబ్బా మీద పేరున్న సుఖజీవ పశువుల మందుల కంపెనీ సారుకు, ముత్తమ్మ దండం పెట్టి రాస్తున్నది.

ఈడ నేను బాగున్న. నా బర్రె లచ్చి బాగలేదు. ఎడమ దిక్కు ఎనుక కాలు కుంటుతున్నది. పశువుల డాక్టరు దూరంకెల్లి చూసి చీటి రాసిచ్చిండు. మీ సూదిమందు కొన్న. మెడకు పొడిపియ్యాలె అన్నడు. "నొప్పి ఎనుక కాలుకు సారూ, సూది మెడకెందుకు?" అని అడిగిన. "అదే పోతదమ్మా, నువ్వు పరేషాన్ కాకు" అన్నడు.

అదే పోతదంటే ఎట్ల పోతది? మెడ కాడికెల్లి తోక దాక ఎన్ని తొవ్వలున్నయి. కాళ్లు నాలుగున్నయి. అండ్ల ఏది కుంటుతున్నదో దానికెట్ల ఎరుక? మందుకు దారి చెప్పేదెవరు సారూ?

మీ డబ్బా మీద "సందేహములున్నచో వ్రాయండి" అని ఉన్నది. నేను పోయిన ఏడు మహిళా సంఘం బడిల అక్షరాలు నేర్చుకున్న, యాభై ఆరేండ్లకు. నేర్చుకున్నంక ఎవరికి రాయాల్నో తెల్వలే. నా చుట్టాలందరు ఈ వాడలనే ఉంటరు. రాయుమని అడిగినోళ్లు మీరొక్కరే.

ఇట్లు,
ముత్తమ్మ

మరిచిన మాట: జవాబు పెద్ద అక్షరాలల్ల రాయున్రి. మీ డబ్బా మీదియి చీమలు చదువుకునేతందుకు రాసినట్టున్నయి.

*

కాటేదాన్,
జూలై 7, 2011.

ముత్తమ్మ గారికి, సుఖజీవ ఉత్తరాల విభాగం నుంచి డోర్కాస్ నమస్కారాలు.

మీరు అడిగినట్టే పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అందుకే ఆరు పేజీలయింది. నేను సార్‌ని కాదండీ, ఫార్మసీ చదివిన అమ్మాయిని. ఉత్తరాల విభాగం అంటే ఒక బల్ల, ఒక కుర్చీ, నేను.

మందుకు దారి ఎవరూ చెప్పరు. దానికి తెలియదు కూడా. మెడ కండలో పొడిచిన మందు రక్తంలో కలుస్తుంది. రక్తం ఒళ్లంతా తిరుగుతుంది కనుక మందు నాలుగు కాళ్లకూ, చెవులకూ, తోక కొసకూ వెళ్తుంది. ఆరాంఘర్ నుంచి మీ ఊరు వచ్చే బస్సు ప్రతి స్టాపులోనూ ఆగుతుంది. పని ఉన్నవాళ్లే దిగుతారు. ఇదీ అంతే. దెబ్బ తగిలిన చోట శరీరం ఒక పదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. వాపూ నొప్పీ దానివల్లే. మా మందు ఆ తయారీని ఆపుతుంది. పని అయ్యాక కాలేయం మందును విరిచేస్తుంది. మిగిలింది మూత్రంలో, పేడలో పోతుంది.

ఒక సంగతి దాచకూడదు. అలాంటి పదార్థమే కొంచెం పొట్ట లోపలి పొరను కాపాడుతుంటుంది. మందు అక్కడా దిగి, ఆ మంచి పనిని కూడా ఆపుతుంది. మోతాదు మించితే పొట్టలో పుండ్లు పడేది అందుకే. ఇంకొకటి కూడా చెప్పాలి. మందు నొప్పిని ఆపుతుంది. నొప్పి ఎందుకు వచ్చిందో చూడదు.

మీ సందేహం తీరిందని తలచే,
డోర్కాస్

తా.క.: నేను చేరి ఐదు నెలలయింది. ఈ బల్ల మీదికి వచ్చిన మొదటి ఉత్తరం మీదే. నెలాఖరులోగా పది ఉత్తరాలైనా రాకపోతే ఈ విభాగం తీసేసి నన్ను ఫోన్ల గదికి పంపుతామని మా మేనేజరు రూబెన్ సార్ అన్నారు. ఫోన్ మోగితే నేను లేచి బయటికి వెళ్లిపోతాను. లారీ ఎక్కించేటప్పుడు బెదిరే గుర్రాలకు ఒక మందు ఇస్తారు. నిలబడే ఉంటాయి, బెదురు మాత్రం తగ్గుతుంది. ఈ మధ్య దాని గురించే ఎక్కువగా చదువుతున్నాను.

*

శంషాబాద్,
జూలై 11, 2011.

సారు కాని డోర్కాస్ బిడ్డకు, ముత్తమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరం మల్లేశ్వర్ చాయ్ హోటల్ల గట్టిగ చదివిన. ఆ హోటల్ గగన్‌పహాడ్ కాడ రోడ్డు మీదనే ఉంటది. లచ్చి పాలు రోజు ఆడికే పోతయి. ఎయిర్‌పోర్టుల సామాన్లు మోసేటోళ్లు, ఆటోలోళ్లు కూసుంటరు. బస్సు ముచ్చట అందరికి సమజైంది. ఒక ఆటో ఆయన, "పొట్టల దిగేటోడు టికెట్ లేకుంట దిగినట్టే గద ముత్తమ్మా" అన్నడు. అవునన్న. గట్ల చెప్పొచ్చునా?

ఇగ నా రెండో సందేహం. ఒళ్లంత తిరిగేదైతే పొదుగుల కూడ దిగుతది గద. పొదుగులకెల్లి పాలల్లకు, పాలల్లకెల్లి చాయ్‌లకు. నేను ఈ మాట అనంగనే హోటల్ల అందరు కప్పులు కింద పెట్టిన్రు. మల్లేశ్వర్ ఒక్కడు పెట్టలే. ఆయనకు ఏడాదికెల్లి మోకాలు నొప్పి. కప్పు మొత్తం తాగిండు, లేచి పొయ్యి దాక పోయి మర్లొచ్చిండు. "జర తక్కువైంది" అన్నడు.

గిది అయ్యేదేనా?

జవాబు కోసం చూసే,
ముత్తమ్మ

మరిచిన మాట: ఇమానాలకు బెదిరి రాబందులు పోయినయని మా ఆయన అయిలయ్య అంటడు. ఇమానాలు రాకముందుకెల్లే లేవని నేనంటున్న. మూడేండ్ల సంది ఇదే లొల్లి. జర తెంపు బిడ్డా.

*

కాటేదాన్,
జూలై 14, 2011.

ముత్తమ్మ గారికి, డోర్కాస్ కంగారుగా నమస్కరిస్తోంది.

మందు పాలలోకి వస్తుంది. మీరు సరిగ్గానే ఆలోచించారు. అందుకే సూది పొడిచాక ఐదు రోజుల దాకా ఆ పాలు అమ్మకూడదు, తాగకూడదు. డబ్బా మీద ఉంది, మీరన్న చీమల అక్షరాల్లో. ఇకనుంచి పెద్దగా వేయమని అడిగాను.

మల్లేశ్వర్ గారి మోకాలి సంగతి నాకు అర్థం కాలేదు. బర్రె నాలుగైదు వందల కిలోలుంటుంది. అంత ఒంటికి ఇచ్చిన మందులో ఒక కప్పు చాయ్‌లోకి చేరేది లెక్కలోకి రాదు. దానితో మోకాలు నొప్పి తగ్గినట్టు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా పశువు కోసం చేసినది పశువుకే. దయచేసి ఈ ఉత్తరం కూడా హోటల్లో గట్టిగా చదవండి.

వేడుకుంటూ,
డోర్కాస్

తా.క.: రాబందుల విషయంలో మీరే గెలిచారు. పశువులకు వాడిన వేరొక నొప్పి మందు చచ్చిన పశువుల మాంసంలో మిగిలిపోయేది. అది తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యాయి. ఐదేళ్ల కిందట ప్రభుత్వం ఆ మందును పశువులకు వాడకుండా ఆపింది. మాది వేరు, పరీక్షల్లో అది రాబందులను ఏమీ చేయలేదు. అయిలయ్య గారికి ఈ మాట మెల్లగా చెప్పండి.

*

శంషాబాద్,
జూలై 18, 2011.

డోర్కాస్ బిడ్డకు, ముత్తమ్మ జర భయంతోని రాస్తున్నది.

నువ్వు చెప్పినట్టే చదివిన. చదవకుంటె మంచిగుండె. "మందు పాలలోకి వస్తుంది" అన్న కాడనే అందరు లేచిన్రు. తర్వాత మాట ఎవరు ఇనలే. మల్లేశ్వర్ అట్టముక్క మీద "నొప్పుల చాయ్, ముత్తమ్మ బర్రె పాలు" అని రాసి కట్టిండు. ఎయిర్‌పోర్టుల పెట్టెలు మోసేటోళ్లు నడుములు పట్టుకొని లైన్ల నిలబడుతున్నరు. మా పక్కింటి రుక్కమ్మ తలనొప్పికి పాలతోని నుదురు రుద్దుకున్నది, తగ్గిందన్నది. ఒకాయన కాటేదాన్‌కెల్లి సైకిల్ మీద వచ్చి లచ్చికి దండం పెట్టి పోయిండు. లచ్చి ఆయన తువ్వాల నమిలింది. అది కూడ మంచి శకునమే అన్నడు.

అది ఉత్త పాలే అని నేను చెప్తనే ఉన్న. "నువ్వు ఊకో ముత్తమ్మా, నీకు తెల్వది, కంపెనీనే రాసింది" అంటున్నరు.

ఐదు దినాల ముచ్చట నాకు సమజైంది. ఆ అవసరం వచ్చిన్నాడు తప్పకుండ గట్లనే చేస్త.

ఇట్లు,
ముత్తమ్మ

మరిచిన మాట: అందరు మల్లేశ్వర్ మోకాలు ఎట్లున్నదని అడుగుతున్నరు. లచ్చి కాలు ఎట్లున్నదని ఎవరు అడుగుతలేరు. నువ్వు కూడ అడగలే.

*

కాటేదాన్,
జూలై 20, 2011.
(రిజిస్టర్డ్ పోస్టు)

ముత్తమ్మ గారికి, డోర్కాస్ తొందరతొందరగా రాస్తోంది.

మీ ఉత్తరం రూబెన్ సార్ చదివారు. రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు. "ఊరూరా మన మందు మనుషులు తాగుతుంటే మనం ఉత్తరాలు రాసుకుంటున్నామా అమ్మా?" అన్నారు. ఎవరికైనా ఏమైనా అయితే కంపెనీకి తాళమేనట. ఎవరికీ ఏమీ కాకపోయినా ఉత్తరాల విభాగానికి తాళమేనట. ఒకటో తారీఖు నుంచి నేను ఫోన్ల గదిలో కూర్చోవాలి.

అంతకంటే ముందు, ఈ సోమవారం నేనే మీ ఊరు రావాలి. పాలు సీసాలో పట్టి తేవాలి. హోటల్లో అందరి ముందూ నిలబడి ఆ చాయ్ తాగవద్దని నోటితో చెప్పాలి. చెప్పాల్సింది కాగితం మీద రాసుకున్నాను, పదకొండు వాక్యాలు. నిన్న అత్తాపూర్‌లో మా ఇంట్లో అమ్మ ముందు చదివాను. మూడో వాక్యం దగ్గర అమ్మ, "మొదలుపెట్టు మరి" అంది.

అప్పటిదాకా పాలు ఆపండి. మీకు పుణ్యం ఉంటుంది.

డోర్కాస్

తా.క.: లచ్చి కాలు ఎలా ఉంది? మొదటి ఉత్తరంలోనే అడగాల్సింది. క్షమించండి.

*

శంషాబాద్,
జూలై 23, 2011.

నా బిడ్డ డోర్కాస్‌కు, పెద్దమ్మ ముత్తమ్మ ధైర్యం చెప్పి రాస్తున్నది.

అడిగినవు గనుక చెప్తున్న. లచ్చి కాలు మంచిగైంది. సక్కగ నడుస్తున్నది.

సూది పొడిపియ్యలే బిడ్డా. సీసా మూత కూడ తియ్యలే. సల్లగ, చీకట్ల ఉంచాలని రాసిన్రు గద, బియ్యం డబ్బాల ఉన్నది. నా మొదటి ఉత్తరం తీసి చూడు. కొన్న అని రాసిన. పొడిపిచ్చిన అని ఏడ రాయలే. కంపౌండరు రెండుసార్లు ఇంటికొస్తే, "కంపెనీకెల్లి జవాబు రానియ్యి" అని వాపస్ పంపిన. ఏడికి పోతదో ఎరుక లేనిదాన్ని నా బర్రె ఒంట్లకు ఎట్ల పంపుత?

జవాబు వచ్చింది. అండ్ల నువ్వు, మందు నొప్పి ఎందుకు వచ్చిందో చూడదు అని రాసినవు. మరి ఎవరో ఒకరు చూడాలె గద. మా ఆయన లచ్చి కాలు పట్టుకున్నడు, నేను వంగి చూసిన. డెక్క నడుమ కంకర రాయి ఇరికి ఉన్నది. కొత్త రోడ్డుకు పోసినరు సూడు, ఆ కంకర. పట్టుకారుతోని గుంజిన, ఉప్పు నీళ్లతోని కడిగి పసుపు పెట్టిన. నాలుగు దినాలల్ల కుంటుడు పోయింది. నీ ఉత్తరమే నయం చేసింది.

హోటల్ల ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నమ్ముతలేరు. "మరి నా మోకాలు ఎట్ల తగ్గింది?" అని మల్లేశ్వర్ నా మీదికే వచ్చిండు. నీకు రాద్దామనుకున్న. నువ్వు లచ్చిని అడగలే, నాకు కోపమొచ్చింది, రాయలే. తప్పు నాదే. మీ రూబెన్ సారుకు ఈ కాగితం చూపియ్యి. మూత తియ్యని సీసా కూడ చూపిస్త, రమ్మను.

ఈ కవరుల ఇంక పదకొండు ఉత్తరాలు పెట్టిన. మా బడి ఆడోళ్లయి. పురుగుల మందు తాపితే కడుపుల పురుగు సస్తది, దూడ ఎందుకు సావదని శివమ్మ అడిగింది. రాములమ్మ కోళ్ల గురించి అడిగింది. ఆమె అక్షరాలు జర వంకర, ఓపిగ్గ చదువు. నువ్వు ఫోన్ల గదికి పోతే వీళ్లకు జవాబు ఎవరు రాస్తరు? ఫోన్ల మాట్లాడుడు మాకు ఎన్నడో వచ్చు. రాసుడే ఇప్పుడు వచ్చింది. గిది కూడ మీ సారుకు చదివి చెప్పు.

సోమవారం రా. పదకొండు గంటలకు బస్టాండ్ల ఉంట.

నీ పెద్దమ్మ,
ముత్తమ్మ

మరిచిన మాట: మల్లేశ్వర్ మోకాలు ఇయ్యాల్టికి కూడ మంచిగనే ఉన్నది. మందు లేదు, సూది లేదు, ఉత్త పాలు. మరి ఆ నొప్పికి బయటికి పోయే దారి ఎవరు చెప్పిన్రు? వచ్చినప్పుడు నోటితోని చెప్పకు బిడ్డా, నీకు సిగ్గయితది. ఉత్తరం రాసి నా చేతుల పెట్టు. నువ్వు పక్కన కూసో, హోటల్ల అందరి ముందు నేను గట్టిగ చదువుత.