బూజు వాసన

అక్కా,

పోయిన నెల నువ్వు పంపిన అత్తరు చాలా బాగుందని రాశాను. అబద్ధం. దాని వాసనే నాకు తెలియలేదు. వానల్లో పట్టుకున్న జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ నా ముక్కును కూడా వెంట తీసుకుపోయింది. మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఏడు నెలలైంది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు రాస్తున్నది కూడా ధైర్యం వచ్చి కాదు, ఇక కడుపులో దాచుకోలేక.

నా పని నీకు తెలుసు. మా కంపెనీ అమ్మే ఖరీదైన సిగార్లు రుచి చూసి, దేనికి ఏ పానీయం జత కుదురుతుందో దుకాణదారులకు చెప్పాలి. కొస కత్తిరించి, వెలిగించకుండానే ఒకసారి పీల్చాలి. తర్వాత వెలిగించి, పొగను మింగకుండా నోట్లో ఆడించి వదలాలి. ఆ మీదట ఒక గుక్క రమ్మో, విస్కీయో. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అందరూ ‘ముక్కు మాస్టారు’ అంటారు. ముక్కు లేని ముక్కు మాస్టారు! నాలుకకు తీపి, చేదు, కారం తెలుస్తూనే ఉన్నాయి. మిగిలినదంతా జ్ఞాపకం. సిగారు పైన చుట్టిన ఆకు నల్లగా ఉంటే ‘కోకో, తోలు’ అంటాను. లేతగా ఉంటే ‘ఎండుగడ్డి, తేనె’ అంటాను. నేను అనగానే వాళ్లకూ ఆ వాసనే తగులుతుంది, తలలూపుతారు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత భయమేసింది.

అసలు సంగతి ఇంకా రాయలేదు. పానీయాలు చూసే అమ్మాయి తొమ్మిదేళ్లు నా పక్కనే పని చేసింది. నన్ను అన్నయ్యా అంటుంది. పోయిన మంగళవారం యజమాని కొత్త సిగారును పన్నెండు మంది దుకాణదారుల ముందు పెట్టాడు. ఆ పెట్టెలు ముందురోజు చూసి ‘బ్రహ్మాండం’ అని సంతకం చేసింది నేనే. రమ్ము గ్లాసులు సర్దుతూ ఆ అమ్మాయి నా చెవి దగ్గరికి వంగింది.

“అన్నయ్యా, వీటికి బూజు వాసన వస్తోంది. ఆపేద్దాం.”

నేను పీల్చి చూశాను. ఏమీ లేదు. నాకు ఏదైనా ‘ఏమీ లేదు’ కదా! ఆపితే నా సంతకం ఏమవుతుంది? అందరికీ వినపడేలా, “ముందు నీ గ్లాసులు సరిగ్గా తుడుచుకో తల్లీ, తర్వాత నా సిగారు జోలికి రా” అన్నాను. అందరూ నవ్వారు. వెలిగించారు. మూడు దమ్ములకే ఒకాయన మొహం ముడుచుకుని పక్కన పెట్టేశాడు. తర్వాత ఇంకొకాయన. యజమాని నావైపు చూశాడు. “గ్లాసులు తుడిచిన గుడ్డ ముక్కిపోయింది, ఆ వాసనే” అన్నాను. ఆ సాయంత్రమే ఆ అమ్మాయిని పనిలోంచి తీసేశారు. వెళ్లేముందు కేకలేస్తుందనుకున్నాను. “మీరు కూడా వాసన చూశారు కదా అన్నయ్యా” అంది, అంతే.

ఇప్పుడు నన్ను ఏం చేయమంటావు?

నీ తమ్ముడు

*

అక్కా,

నీ ఉత్తరం అందింది. ముందు ఆ అమ్మాయి కాళ్ల మీద పడు అని రాశావు. నేను ముందు యజమాని దగ్గరికి వెళ్లాను. పిరికివాణ్ణి కదా, అక్కడైతే తలుపు వేసి మాట్లాడొచ్చు.

అంతా విని ఆయన కోప్పడలేదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. “ఈ మాట ఈ గది దాటనీయకు. నీ ముక్కు పోయింది గానీ పేరు పోలేదుగా. ఆ అమ్మాయిని వెనక్కి పిలుద్దాం. వెనక గదిలో ఆమె వాసన చూస్తుంది, ముందు గదిలో నువ్వు మాట్లాడు” అన్నాడు. నీ దగ్గర దాచను, నా ప్రాణం లేచి వచ్చింది. అందరూ బాగుపడే దారి అనుకుంటూనే ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను.

గుమ్మంలోనే నిలబెట్టింది. ముక్కు సంగతి చెప్పాను. క్షమించమన్నాను. యజమాని మాట కూడా చెప్పాను.

“ముక్కు పోయిందని నాకు ఒక్కమాట చెప్తే, నేనే మీకు కాపలా కాసేదాన్ని అన్నయ్యా. ఎవరికీ తెలియనిచ్చేదాన్ని కాదు” అంది. తలుపు రెక్క పట్టుకుని, “ఇప్పుడు మాత్రం కుదరదు. నన్ను అందరి ముందూ ఆ గదిలోనే అన్నారు, ఆ గదిలోనే చెప్పండి. నా ఎదురుగా” అంది.

నిన్న మళ్లీ ఆ పన్నెండు మందీ వచ్చారు. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. యజమాని కళ్లెర్రజేస్తున్నా లేచి నిలబడ్డాను. “ఆ రోజు గుడ్డ శుభ్రంగానే ఉంది. బూజు సిగారుదే. ఈవిడ చెప్పింది, నేను నోరు మూయించాను. నాకు ఏడు నెలలుగా వాసన తెలియదు” అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. యజమాని లేచి వెళ్లిపోయాడు. రేపటి నుంచి నాకు పని ఉంటుందో లేదో తెలియదు.

అప్పుడు వాళ్లలో పెద్దాయన, ఆ రోజు మొదట సిగారు పక్కన పెట్టినాయన, ఆ అమ్మాయి వైపు తిరిగి తన చేతిలోని సిగారు చూపించాడు. “దీనికి రమ్మేనా అమ్మా?”

ఆమె తీసుకుని వాసన చూసింది. తొందరపడలేదు. “వద్దండీ, రమ్ము దీని వాసనను మింగేస్తుంది. చక్కెర లేని కాఫీ తాగి చూడండి” అంది. తెప్పించారు. నాకూ ఒక కప్పు వచ్చింది. నాకు తెలిసింది వేడి, చేదు, అంతే. కప్పు పట్టుకుని ఒక మూల కూర్చున్నాను. ఆమె మాట్లాడుతుంటే ఆ పన్నెండు మందితో పాటు నేనూ విన్నాను.

నీ తమ్ముడు