మునెమ్మ పేరున సగం ఇల్లు

జూన్ 9
దేవరాజు వదిలేసి పోయిన ఇంట్లోకి ఈ రోజు వాళ్లమ్మ మునెమ్మ దిగింది. ఆటోలో ట్రంకు పెట్టె, రాగుల మూట, నవారు మంచం. వేరే కులం పిల్లను చేసుకుంటే ఉరేసుకుంటానని మా పెళ్లి ఆపిన మనిషి. పెళ్లి లేకుండా మేం కలిసి బతికినన్నాళ్లూ ఈ గడప తొక్కని మనిషి. నేరుగా పడకగదిలోకి పోయి మంచం వాల్చుకుంది.
"సగం నాది. నా కొడుకు రాసిచ్చినాడు."
అంతే. నా ముఖం కూడా చూడలేదు.

జూన్ 10
దేవరాజుకు ఫోన్. కుప్పంలో కొత్త అంగడి, త్వరలో పెళ్లి. "ఇల్లు అమ్మేద్దామంటే నువ్వు ఒప్పుకోలేదు సరళా. నా సగం నా ఇష్టం. మా అమ్మకిచ్చినా." పెట్టేశాడు.
ఇద్దరం కలిసి కొన్నాం. ఇద్దరం కలిసి పాలు పొంగించాం...

జూన్ 11
పోలీస్ స్టేషన్. "ఆమె గూడా ఓనరే గదమ్మా. ఓనర్ని బయటికి పంపమంటే ఎట్ల? కోర్టుకు పో." లేచి వస్తుంటే వెనక నుంచి ఇంకొకాయన — "ఇంతకూ ఆ దేవరాజు, ఆయప్ప నీకు ఏమవుతాడు?"
వెనక్కి తిరగకుండా మెట్లు దిగేశాను.

జూన్ 14
లాయరమ్మ మెల్లగానే చెప్పింది. "పెండ్లయ్యుంటే నీకు వేరే దోవలుండేవి. ఇప్పుడు మీరు ఉత్త భాగస్తులు. ఇద్దరు తెలిసినోళ్లు కలిసి సైటు కొన్నట్ల." పంపకం కోసం దావా వెయ్యాలట. ఇంటిని నిలువునా కోయలేరు — కోర్టు అమ్మించి డబ్బు పంచవచ్చు. లేదా ఒకరి సగం ఇంకొకరు కొనుక్కోవాలి. నా జీతానికి అదెక్కడ?
"పంపకం వద్దు మేడమ్, ఉండేదానికి తావు కావాల" అన్నాను. అంతలోనే ఏడుపొచ్చేసింది.

జూన్ 17
డ్యూటీ నుంచి వచ్చేసరికి నా గిన్నెలన్నీ వరండాలో. లోపల వాళ్ల ఊరు రామకుప్పం నుంచి వచ్చిన చుట్టాలు. నాకు వినిపించేలా — "ఈమేనా?"
గిన్నెలు ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకున్నాను. ఒక్కరూ జరగలేదు. దాటుకుంటూ నడిచాను.

జూన్ 18
ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీసి, ట్యూబు మీద పేషెంటు పేరుకు బదులు నా పేరు రాశాను. "ఏమైందక్కా?" అని పేషెంటే అడిగింది.

జూన్ 20
పుంగనూరు. అన్న అంగడి ముందు బెంచీ మీద కూర్చున్నాను. వదిన కాఫీ అక్కడికే తెచ్చింది. లోపలికి రమ్మనలేదు.
అన్న తల ఎత్తకుండానే — "రెండు దినాలైతే ఉండు. మళ్లా జనం అడుగుతారు, నేనేం సెప్పేది? ఆయప్ప పేరూ నీ పేరూ కలిపి ఇల్లు రాయించుకునేటప్పుడు మమ్మల్ని అడిగినావా?"
సాయంత్రం బస్సుకే మదనపల్లెకు వచ్చేశాను. బస్టాండులో దిగి చాలాసేపు అక్కడే.

జూన్ 27
చచ్చిపోతే నా సగం ఎవరికి పోతుంది? ఇది కూడా లాయరమ్మను అడగాలనిపించింది. రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను.

జూలై 6
దేవరాజు వచ్చాడు, బ్రోకరును వెంటబెట్టుకుని. వంటింట్లో నిలబడి అంతా విన్నాను.
"అమ్మా, సంతకం పెట్టు. అమ్మేద్దాం. సరళ గూడా దోవకొస్తుంది."
"అమ్మితే నేను యాడుండేదిరా? నీ దగ్గరకు రానా?"
"పెండ్లయితే ఆ పిల్ల ఒప్పుకోదు మా. రామకుప్పంలో ఉండు."
"ఆడ ఏముండాది? సేను అమ్మి నీ అంగడికి పెడితి. అడివి ఏనుగులొచ్చి తోసిన ఇంటి గోడ అట్నే పడుండాది."
వాడు ఫోన్ చూసుకుంటున్నాడు.
"సంతకం పెట్టను పో. నా పేరున రాసిచ్చినావు గదా."
గేటు విసిరేసి పోయాడు. ఆమె నేల మీద కూలబడింది. నాకు సంతోషం — దాని వెనకే భయం. ఇక ఈమె ఎప్పటికీ పోదు.

జూలై 7
మునెమ్మ మొదటిసారి నా వైపు తిరిగి మాట్లాడింది. "నిన్ను తరిమేదానికే వాడు నన్ను ఈడికి తోలినాడు. తెల్సే వచ్చినా."
"మరి నేను యాడికి పోవాల అత్తా?"
అత్తా... నోరు జారింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయింది.

జూలై 9
లాయరమ్మ ఫోన్. దేవరాజు బ్రోకరుతో వచ్చిపోయాక నేనే వెయ్యమన్న పంపకం దావా సిద్ధం, రేపు పొద్దున వచ్చి సంతకం పెట్టమంది. ప్రతివాదిగా దేవరాజు పేరే కదా అన్నాను. కాదు. ఈ ఇంట్లో ఇప్పుడు వాడికేమీ లేదు. మునెమ్మ.
"వెయ్యకుంటే?"
"ఈ రోజు అమ్మకానికి సంతకం పెట్టనన్న మనిషే రేపు కొడుకు ఏడిస్తే పెడుతుంది. కొనుక్కున్నోడు ఎవరో వచ్చి నీ పక్క గదిలో కాపరం పెడతాడు. నీ ఇష్టం."
వస్తానన్నాను.
ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో ఆమె.
"ఏమ్మే, రేపు నన్ను మీ ఆసుపత్రికి పిల్చుకపోతావా? కండ్లు మసకగా ఉండాయి. నాకు ఈడ ఎవురూ తెలీదు."
సరే అన్నాను. రేపటికి లాయరమ్మకూ, ఆమెకూ — ఇద్దరికీ సరే అనేశాను.