కోటు లైనింగ్‌లో రేకు

నవంబరు 3, సోమవారం

మా పెద్దాడు పోయి నలభై రోజులు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఇవాళ షాపులో నాలుగు ప్యాంట్లు పొట్టి చేశాను. ఏమీ అనిపించలేదు.

నవంబరు 6

చిన్నది దగ్గుతోంది. పదకొండేళ్లు దానికి. ఎక్స్‌రేలో ఏమీ లేదని డాక్టర్ అన్నాడు. వాడికీ మొదట అలాగే అన్నాడు.

నవంబరు 8, మధ్యాహ్నం

చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషిని, మంత్రాలావిడ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో వదిలితే ఎవరైనా గుర్తుపడతారని చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. రెండు రాగి రేకులిచ్చింది. ఒకటి నా మెడలో, ఒకటి పిల్ల ఒంటి మీద. తీస్తే అన్న పోయిన దారినే చెల్లెలూ పోతుందంది.

కుట్టుపనిదాన్ని కదా. చిన్నదాని స్కూల్ కోటు లైనింగ్ విప్పి, ఎడమ చంక కింద రేకు పెట్టి, కుట్టు కనపడకుండా కుట్టేశాను. దానికి చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు.

నవంబరు 17

దగ్గు తగ్గింది.

నవంబరు 21, శుక్రవారం

ఉపవాస ప్రార్థన. మోకరిస్తే మెడలో నల్లదారం బయటపడింది. పాస్టరమ్మగారు చూసింది. తిట్టలేదు. పక్క గదిలోకి తీసుకెళ్లి, ఇది పనిచేస్తుందా లేదా అని అడగనమ్మా, ఇది ఎవరిదో అడుగుతున్నాను అంది. పిల్లకి దగ్గు తగ్గిందండీ అన్నాను. భయపెట్టి కట్టేసుకునేవాడు కాపరి ఎలా అవుతాడు అంది.

మళ్లీ అందరి ముందుకొచ్చి దారం నేనే తెంపాను. ఆవిడ చెప్పిస్తుంటే వెనకే చెప్పాను, ప్రభువు నామంలో దీన్ని విసర్జిస్తున్నాను, నేనూ నా ఇల్లూ ఆయనవాళ్లం అని. అందరూ హల్లెలూయ అన్నారు. రెండోది ఉందా అని ఎవరూ అడగలేదు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

నవంబరు 23, ఆదివారం

సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. గొంతు కూడా వణకలేదు. చిన్నది కోటు వేసుకుని నన్నే చూస్తోంది.

నవంబరు 25

రెండు పడవల మీద కాళ్లు. నా ప్రాణమైతే దేవుడి చేతిలో పెట్టగలను. పిల్లది పెట్టలేకపోతున్నాను. ఇదీ నా విశ్వాసం.

నవంబరు 27, ఉదయం 6

దగ్గు మళ్లీ మొదలైంది. నా మెడలోది తెంపినందుకేనా? మంత్రాలావిడ దగ్గరికి పరిగెత్తుదామని చెప్పులు కూడా వేసుకున్నాను. గుమ్మం దగ్గర ఆగిపోయాను. పిల్ల పెద్దదయ్యేలోపు ఎన్ని కోట్లు, ఎన్ని రేకులు?

కత్తెర తీశాను. ప్రభువా, ధైర్యం లేదు, నమ్మకం సగమే ఉంది, అయినా నీ ఎదుటే విప్పుతున్నాను, దగ్గినా దగ్గకపోయినా ఇది నీ పిల్లే అన్నాను. పైకే అన్నాను. లోపల ఏమీ కదల్లేదు.

చంక కింద నా కుట్టు లేదు. ఇంకెవరిదో ఉంది. నీలం కోటుకి ఎర్ర దారం, వంకర టింకర. విప్పితే లోపల ఏమీ లేదు.

7:30

చిన్నది లేచాక అడిగాను. గుచ్చుకుంటోందని వేసుకున్న మొదటి రోజే తీసి స్కూల్ డస్ట్‌బిన్‌లో పడేసిందట. నువ్వు బాధపడతావని నేనే మళ్లీ కుట్టేశాను, సరిగ్గా రాలేదు అంది.

అంటే దగ్గు తగ్గినప్పుడు దాని ఒంటి మీద రేకే లేదు. పిచ్చిదాన్ని, ఖాళీ కోటుకి కాపలా కాశాను.

నవంబరు 30, ఆదివారం

మళ్లీ సాక్ష్యం చెప్పాను. ఈసారి మొత్తం. హల్లెలూయలు లేవు. మధ్యలో చిన్నది దగ్గింది. అందరూ దాని వైపు తిరిగారు. నేను ఆపలేదు. ఏడుస్తూనే చెప్పాను.