కుట్టుకి వదిలిన రెండు అంగుళాలు

మార్చి 3, సోమవారం

అమ్మాయి కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆరు వారాలు కట్టు.

మార్చి 3, సాయంత్రం 6

ఈయనకి ఫోన్ చేశాను. వేరే ఊళ్ళో ఫ్యాక్టరీ ఆపి చేసే షట్‌డౌన్ రిపేర్ల పనిలో ఉన్నాడు, పద్నాలుగో తారీఖుకి గానీ రాడు. మన షెడ్డులో తలుపు పక్కన గోడకి ఆనించిన పైపుల్లో ఒకటి జారి పిల్ల చేతి మీద పడిందని చెప్పాను. మొట్టమొదట అడిగిన మాట ఏమిటంటే, దాన్ని షెడ్డులోకి ఎవరు వెళ్ళమన్నారు అని!

ఎవరు వెళ్ళమన్నారట. ఆ పైపుల్ని అక్కడ నిలబెట్టమని ఎవరన్నారు? పైపులు, రాడ్లు, యాంగిల్ ముక్కలు. ఎక్కడ పనికి పోతే అక్కడ మిగిలింది భుజాన వేసుకుని రావడం, గోడకి ఆనించడం. దాన్ని స్టాక్ అంటాడు. ఎప్పటికైనా షెడ్డులో ఉన్న తన లేత్ మిషను మీదికి పనికొస్తుందంటాడు. ఒక ర్యాక్ కట్టండి మహానుభావా, ఎవరి నెత్తిన పడుతుందో అని మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాను. రేపు అంటాడు. ఆ రేపుకి మూడేళ్ళు నిండాయి, బళ్ళో వేయొచ్చు.

నేను నోరు తెరిచేలోపు పిల్ల ఎడమ చేత్తో ఫోన్ లాక్కుంది. ఎవరూ పంపలేదు నాన్నా, నేనే ఊరికే వెళ్ళాను అంది. వచ్చాక నీ సంగతి చెబుతా అన్నాడు. స్పీకర్ మీద ఉంది, నాకూ వినబడింది.

మార్చి 4

పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచి మొత్తం ఊడ్చిపెడతానని మెసేజ్ పెట్టాను. ఒక్క ముక్క కదిపినా ఊరుకోనని జవాబు.

ఊరుకోకు.

మార్చి 5, మధ్యాహ్నం

ఇక్కడ కూడా నిజం రాయకపోతే ఇంక ఈ పుస్తకం ఎందుకు?

పంపింది నేనే. కుట్టు మిషను కీచుమంటోంది. కుట్టాల్సిన నలభై యూనిఫాంలు నెత్తి మీదున్నాయి. షెడ్డులో ఆయిల్ డబ్బా ఉంటుంది పట్రావే అన్నాను. చదువుకుంటున్నానమ్మా అంది. నాలుగడుగులు వేస్తే అరిగిపోతావా అని కసిరాను. వెళ్ళింది. తర్వాత చప్పుడు.

పన్నెండేళ్ళ పిల్ల. నా మీదికి మాట రాకుండా తన మీద వేసుకుంది. నేనేమో బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. అమ్మనట నేను. ఆయన మీద ఎంత కోపం వచ్చినా అందులో సగం నా మీదే అని తెలుస్తూనే ఉంది, దాంతో కోపం ఇంకా పెరుగుతోంది.

ఆయన వచ్చి దాని మీద నోరు చేసుకోకముందే చెప్పెయ్యాలి. చెబుతాను. ముందు ఆ ర్యాక్ నేనే కట్టిస్తాను. మూడేళ్ళలో నీ చేత కానిది నేను వారంలో చేశాను, చూడు అని చూపించి అప్పుడు చెబుతాను.

సాకు అని నాకూ తెలుసు.

మార్చి 6

షెడ్డు కొలిచాను. టేపు నా మెడలోదే.

గోడకి రెండు నిలువు ఇనప చానళ్ళు. ఒక్కోదానికి ఐదు చేతులు, ఎల్ ఆకారంలో ఉండే యాంగిల్‌తో. చేతుల మీద పైపులు పడుకుంటాయి. బరువువి కింద, తేలికవి పైన. బీరువా సర్దేదాన్ని, ఇది నాకెందుకు రాదు? చేతుల పొడవు పన్నెండు అంగుళాలు. అంతకు మించితే షెడ్డు తలుపు తగులుతుంది.

వీధి చివర వెల్డింగ్ షాపాయనకి కాగితం ఇచ్చాను. కాగితం వైపు చూడనైనా చూడకుండా మీ వారిని పంపండమ్మా అన్నాడు. మా వారు మూడేళ్ళుగా వస్తూనే ఉన్నారు, నేను ఇవాళే వచ్చేశాను, ముందు నా పని చూడండి అన్నాను. చూశాడు.

మార్చి 8

ఛీ.

మార్చి 8, సాయంత్రం 4

పది చేతులూ పద్నాలుగు అంగుళాలకి కోశాడు. పది! కొలత చదవడం రాకపోతే షాపు ఎందుకు పెట్టారని దులిపేశాను. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగారు. అతను నా కాగితం తీసి నా ముందు పెట్టాడు.

నా చేతిరాతే. పద్నాలుగు. ఇరవై ఏళ్ళ అలవాటు. పన్నెండు కావాలంటే ఇటొక అంగుళం, అటొక అంగుళం కుట్టుకి వదలందే నా చెయ్యి అంకె రాయదు. ఇనుముకి కుట్టు మార్జిన్ వదిలాను!

ఎందుకిలా రాశానో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. కాలర్ కూడా పెట్టమంటారా అమ్మా అన్నాడు. పడీ పడీ నవ్వాడు. సిగ్గుతో చచ్చాను, దానికి తోడు ఒళ్ళు మండింది. రెండంగుళాలు కోసేస్తాలెండి అని కట్టర్ అందుకున్నాడు.

కోయొద్దన్నాను. గుడ్డ మిగిలితే మేం కోసి పారేస్తామా, మడుస్తాం. ఆ రెండంగుళాలూ చివర్న పైకి మడవండి, పైపు దొర్లి కింద పడదు అన్నాను. యాంగిల్ అలా మడత పడదమ్మా, మెలి తిరుగుతుంది అన్నాడు. చంక దగ్గర గుడ్డ తిరగకపోతే మేం గాటు పెడతాం, మీకు గాట్లు పెట్టడం రాదా అని అడిగాను.

నవ్వు ఆగింది. యాంగిల్‌లో కిందికి దిగిన రెక్కకి గాటు పెట్టాడు. పైకి వంచాడు. గాటు తెరుచుకున్న చోట వెల్డింగ్ టాకా వేస్తానన్నాడు. మేమూ కుట్టుని టాకా అనే అంటాం అన్నాను. మిగతా తొమ్మిదీ నేను నిలబడి చేయించాను.

అమ్మాయికి చెబితే నవ్వుతుందనుకుంటూ వచ్చాను. ఎడమ చేత్తో లెక్కలు రాసుకుంటోంది. తల ఎత్తకుండా ఊఁ అంది. ఇంత కష్టపడి వస్తే ఊఁ ఏమిటే అని దాని మీద కూడా కేకలేశాను.

మార్చి 10

వెల్డింగ్ షాపాయన వచ్చి గోడకి బోల్టులు బిగించి వెళ్ళాడు. చేతులు పట్టుకుని వేలాడి చూశాను. కదల్లేదు.

ఇనుమంతా ఒక్కదాన్నే ఎత్తిపెట్టాను. నడుము పడిపోయింది. ఆ పైపుని మాత్రం ముందు ఒక్క తన్ను తన్నాను. నా కాలు వాచింది, దానికేం కాలేదు. అన్నిటికన్నా కింద పడేశాను.

మార్చి 12

ఫోన్ చేశాడు. చెప్పలేదు.

మార్చి 14, సాయంత్రం 5

వచ్చాడు. సంచీ కూడా దించకుండా నేరుగా షెడ్డులోకి వెళ్ళాడు. ఒక్కో చెయ్యీ పట్టుకుని ఊపాడు. చివర మడతల మీద బొటనవేలు పెట్టి చూశాడు. ఇది ఎవరి ఐడియా అన్నాడు. నాది అన్నాను. బాగుంది అనడానికి నోరు రాలేదు గానీ, మూడు సార్లు చూశాడు.

తర్వాత వెనక్కి తిరిగాడు. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. ఊరికే వెళ్ళడమేమిటి, ఇది ఆటలాడుకునే చోటా, చెబితే బుర్రకెక్కదా అని మొదలుపెట్టాడు. పిల్ల తల వంచుకుంది. అమ్మ పంపిందని అనదు. ఇప్పుడు కూడా అనదు!

నేనే పంపాను అని అరిచాను. అరవక్కర్లేదు, పక్కనే ఉన్నాడు. నేనే పంపాను, వెళ్ళనంటే కసిరి మరీ పంపాను, అది నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పింది, నేను నోరు మూసుకుని చెప్పనిచ్చాను.

పదకొండు రోజులు తప్పు దాని మీద పెట్టి కూర్చున్నావా, తల్లివేనా అన్నాడు. మూడేళ్ళు రేపు రేపు అన్నవాడివి, నువ్వు తండ్రివేనా అన్నాను. మొహం మీద నువ్వు అనడం అదే మొదటిసారి. ఇద్దరం ఉన్నవీ లేనివీ అన్నీ తవ్వుకున్నాం. ఉన్నట్టుండి పని బల్ల మీద కూలబడ్డాడు. బయల్దేరే రోజు లేత్‌కి అడ్డంగా ఉందని ఆ పైపుని తనే తీసి తలుపు పక్కన నిలబెట్టాడట, వచ్చాక సర్దుదాంలే అని. తప్పు నాదే అన్నాడు. మీకన్నా ముందు నాది అన్నాను. కాసేపు దానికోసం కూడా పోట్లాడుకున్నాం. చివరికి చెరి సగం అన్నాడు. సరే అన్నాను. గుండెల మీంచి బరువు దిగింది, నిజంగానే. ఆయన కళ్ళు కూడా తడిశాయి.

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో పిల్ల లేదు.

మార్చి 15

పొద్దున్నించీ మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడే నోరు విప్పింది. తప్పు ఎవరిదో బాగానే పంచుకున్నారు, చెయ్యి నొప్పెడుతోందా అని ఒక్కరోజైనా, ఒక్కరైనా అడిగారా అంది.

అడిగాను.

ఇక చెప్పనంది.