పసుపు దుమ్ముకు కుట్టిన గుడ్డ

అక్కా,

నువ్వు పోయి ఇయ్యాలటికి ఏడాది. ఇయ్యాలనే ఆర్మూర్‌ల రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంల నా నౌకరి పోయేదుండె.

పసుపు వేలం నడుస్తుంటే నేను ధరలు ఎక్కించే కొత్త కంప్యూటర్ ఊకె నిద్రపోతున్నది, పని ఆగుతున్నది. "నువ్వే బంద్ చేస్తున్నవ్. పక్క దుకాణపోడు ఎన్ని పైసలిచ్చిండు?" అని సేటు అందరి ముంగట అడిగిండు.

మిషన్ ఎప్పుడు పండిందో, ఎప్పుడు లేసిందో లాగ్‌ల, అంటే దాని లోపటి లెక్కల, అదే రాసుకుంటది. గవన్నీ ఒక్కతాన కూడేసే చిన్న ప్రోగ్రాం రాసి, సేటు చూస్తుండంగనే నడిపిన. అది పండిన టైములన్నీ వాకిట్ల సంచులు విప్పి కుప్పలు పోసేటప్పటివే. గప్పుడే నేను దుమ్ము పడొద్దని దాని మీద గుడ్డ కప్పుత. గుడ్డ కింద వేడెక్కి, దానంతటదే పండుకుంటున్నది.

సేటు నెమ్మదిగ అడిగిండు, "గా గుడ్డ ఎక్కడిది?"

నాకు నౌకరి దొరికిన నాడు, పాత మిషన్ మీద పసుపు దుమ్ము పడొద్దని నీ చీర చింపి నువ్వే కుట్టిచ్చినవని చెప్పలేదు. "ఇంట్ల ఉండె సేటు, తీసేస్త" అన్న.

గుడ్డ తీసినంక వేలం అయ్యేదాక మిషన్ మళ్ల పండలేదు. పొద్దుగూకేసరికి దాని మీద పసుపు పేరుకున్నది. నీ చీర ముక్కతోనే తుడిచిన.