తాళాలకు వేసిన దండోరా

జనవరి 22, బుధవారం

మధుసూదన్‌ను వదలను. మిగతాదంతా తర్వాత. ముందు ఈ మాట రాసిపెట్టుకుంటున్నాను.

ఎమ్మిగనూరు మెడికల్ షాపులో డ్యూటీ దిగి ఊరికి వచ్చేసరికి నాయన తప్పెట పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మా ఊరి కొండ కింద యురేనియం తవ్వుతారట. ఫిబ్రవరి 11న ఆదోని ఫంక్షన్ హాల్లో పబ్లిక్ హియరింగ్ అట. అభ్యంతరాలు ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవాలట. దండోరా వేయమని మధుసూదన్ చెప్పాడు, నాయన ప్రతి వీధిలోనూ వేసి వచ్చాడు.

వినడానికి ఎవరున్నారు? పండగ అయిన మర్నాడే ఊరంతా గుంటూరు వైపు మిరపకోతకు వలస పోయింది, సుగ్గికి అంటాం. మా అమ్మ మారెమ్మ కూడా. తీసుకుపోయింది మధుసూదన్ లారీలే. డ్రిల్లింగ్ కంపెనీకి బండ్లు తిప్పే కాంట్రాక్టూ ఆయనదే. ఊరిని ఖాళీ చేయించాడు, ఖాళీ ఊళ్ళో దండోరా వేయించాడు, వీడియో తీయించుకున్నాడు.

తలుపులకు వేసిన తాళాలకు ఎందుకు చెప్పావని నాయన మీద అరిచాను. తప్పెట పట్టినాక ఎవురుండారు, ఎవురు లేరని సూస్తామా తల్లీ, ఏయమంటే ఏసేదే కదా అన్నాడు.

జనవరి 25, శనివారం

సుగ్గిలో ఉన్న మా ఊరి పెద్ద లక్ష్మప్ప నాయనకు ఫోన్ చేశాడు. మేము లేనప్పుడు సూసి తప్పెట కొడతావా ఏసన్నా, కొండనమ్ముకున్యావా అని తిట్టాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది, అంతా విన్నాను.

చావు, పెళ్ళి, రేషను, పోలియో చుక్కలు, ఏదైనా ఊరికి చెప్పింది ఈ మనిషే. ఇంతవరకూ ఒక్కరూ ఆయన తప్పెట అబద్ధమాడిందని అనలేదు. నాయన తుంచిన రొట్టె ముక్కను మళ్ళీ గంపలోనే పెట్టేశాడు.

ఆ ముక్కకు కూడా మధుసూదన్ జవాబు చెప్పాలి.

జనవరి 28, మంగళవారం

లీవు పెట్టి ఆదోని సర్కారు ఆఫీసుకు పోయాను. ప్రాజెక్టు రిపోర్టు ఎవరైనా చూడొచ్చని నోటీసులో ఉంది. చూపించారు. ఇటుకంత లావు, అంతా ఇంగ్లీషు. ఈడనే కూసోని సదువుకోవల్ల, ఫోటోలు తీసేది లేదన్నాడు క్లర్కు. డిగ్రీ చదివిన నాకే రెండు పేజీలకు తల తిరిగింది. మా బోరు నీళ్ళ సంగతి ఏ పేజీలో ఉందని అడిగితే ఆయనకూ తెలియదు. తెలుగులో ఒక పలచటి కాగితం ఇచ్చాడు. నీళ్ళ మీద ప్రభావం స్వల్పం అని ఉంది. స్వల్పం అంటే ఎంతో లేదు.

ఆ రోజు ఎవరూ రాకపోతే ఏం చేస్తారని అడిగాను. అభ్యంతరాలు లేవని రాసుకుంటామమ్మా అన్నాడు. టీ తాగుతూ, నెమ్మదిగా అన్నాడు. చెడ్డవాడేం కాదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

ఫిబ్రవరి 3

అందరూ కదిలి రండని అమ్మకు ఫోన్ చేశాను. ఎవురూ రారు పుష్పా అంది. ఫోన్లో సెప్తే ఊరిమాట ఐతాదా, తప్పెట మా సెవినబడలే, మాకు దండోరా ఏయలే అంటాండారంట.

బాగుంది. వేసినవాడికి తిట్లు, వేయించినవాడికి కాంట్రాక్టు.

ఊరు ఎక్కడుంటే అక్కడికే పోయి వేద్దాం పద నాయనా అన్నాను. తప్పెటను గోడకు తగిలించి పడుకున్నాడు.

ఫిబ్రవరి 6

నాయన తప్పెటను దించి, తోలు బిగిసేలా మంటకు కాచాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం, సాయంత్రం

గుంటూరు జిల్లాలో ఏదో మిరపచేను గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. మిరప ఘాటుకు కళ్ళు మంట.

బస్సు దిగి నాయన నేరుగా చేలోకి నడిచి తప్పెట మీద దెబ్బ వేశాడు. వంగిన నడుములన్నీ లేచాయి. చేను యజమాని పరుగెత్తుకొచ్చాడు, ఎవడీ పిచ్చోడని. నాయన పట్టించుకోలేదు. ఒక్కో టార్పాలిన్ గుడిసె ముందు ఆగి, ఊళ్ళో చెప్పినట్టే అన్నీ చెప్పాడు. కొండ, యురేనియం, తేదీ, హాలు. మొదట నవ్వారు. మూడో గుడిసె దగ్గర నవ్వు ఆగింది.

లక్ష్మప్ప చేతులకున్న దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఇనపడింది లేప్పా అన్నాడు. అంతే. నాయనకు తప్పయిందని చెప్పలేదు. నాయన అడగనూ లేదు.

మధుసూదన్ లారీలు ఇక్కడే ఉన్నాయి. డ్రైవర్ ఈరేష్ మా ఊరివాడే. బండ్లు ఆదోనికి తిప్పేది ఓనరుకు సెప్పల్లనా అక్కా అని అడిగాడు. ఆదోనిలో నేనే చెప్తాలే అన్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

రాస్తుంటే కూడా నవ్వు వస్తోంది.

స్టేజీ మీద ఆఫీసర్, పక్కన తెల్లచొక్కా వేసుకుని మధుసూదన్. కింద అన్నీ ఖాళీ కుర్చీలు. అప్పుడు ఆయన సొంత లారీలే వచ్చి గేటు ముందు ఆగాయి. ఊరు దిగింది. ఎవరూ స్నానం చేయొద్దు, మిరప ఘాటు పట్టిన కోతబట్టలు మార్చొద్దు అని నేను ముందే చెప్పి ఉంచాను. అందరూ కూర్చున్నాక ఫ్యాన్లన్నీ ఫుల్‌లో పెట్టింది కూడా నేనే.

ఆఫీసర్ తుమ్మాడు. మైకు పట్టుకున్నవాడు దగ్గాడు. మధుసూదన్ కర్చీఫ్ తీశాడు. అమ్మ పనిగట్టుకుని ఆయన దగ్గరికి పోయి కొంగు దులిపింది. ఏం సారూ, సుగ్గి వాసన పడలేదా అంది.

ఊరికి ముందే తెలియజేశామని చూపించడానికి మధుసూదన్ తెర మీద వీడియో వేయించాడు. నాయన తప్పెట కొట్టుకుంటూ నడుస్తున్నాడు. అదో మా తలుపు, తాళమేసిండేది సూడండి అని ఒకామె లేచింది. ఆ పక్కది మాది అని ఇంకొకాయన. పెళ్ళి వీడియోలో తమను తాము వెతుక్కున్నట్టు అందరూ తమ తాళాలు చూపించారు. ఆఫీసర్ కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి వేయమన్నాడు. ఈ దండోరా విన్నదెవరయ్యా అని మధుసూదన్‌ను అడిగాడు. ఆయన మళ్ళీ కర్చీఫ్ అందుకున్నాడు.

లక్ష్మప్ప మైకు తీసుకున్నాడు. మా ఊరి నీళ్ళు సెడిపోతే సుగ్గినుంచి మేము యాడికి రావల్ల సార్, మాకొద్దు అన్నాడు. తర్వాత ఒక్కొక్కరే లేచి వద్దన్నారు. మాట్లాడిందంతా రాసుకోవాలి, రూలు. రాసుకున్నారు. తవ్వకం ఆగిందని కాదు, ఫైలు ఇంకా పైకి పోతుంది. కానీ అభ్యంతరాలు లేవని ఇక రాయలేరు.

లక్ష్మప్ప దిగివచ్చి అందరి ముందూ నాయన రెండు చేతులూ పట్టుకుని తప్పయింది ఏసన్నా అన్నాడట. అమ్మ చెప్పింది. నేను చూడలేదు. అప్పుడు నేను మధుసూదన్ ముఖం చూస్తున్నాను.

ఫిబ్రవరి 12

కడుపునిండా తిన్నాను. వాడు తిని ఉండడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

కంపెనీ మధుసూదన్ బండ్లను తీసేసిందట. సుగ్గిలో ఉన్నవాళ్ళు వచ్చే ఏడు ఆయన లారీ ఎక్కేది లేదని చెప్పేశారట. ఇవాళ మా పేటకు వచ్చాడు. ఎప్పుడూ మా గుమ్మం తొక్కనివాడు. నాయన కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. తాగాడు.

కోపం పెట్టుకోవద్దమ్మా అని నాతో కూడా అన్నాడు. తన పిల్లల చదువులు చెప్పుకున్నాడు. నటించలేదు. నేను లోపలికి పోయాను.

పోనీలే తల్లీ, మనిషి గడప దాంక వచ్చినాడు గదా అన్నాడు నాయన. నాయనకు పోయింది. నాకు పోలేదు.

మార్చి 2, ఆదివారం

చర్చిలో రొట్టె పంచేముందు, ఎవరి మీదైనా పగ ఉన్నవాళ్ళు ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని పాస్టర్ ప్రేమ్ కుమార్ చెప్పాడు. నాయన లేచి బల్ల దగ్గరికి పోయాడు. నేను కూర్చునే ఉన్నాను. రొట్టె చేతిలో పట్టుకుని పాస్టర్ నా వైపే చూశాడు.

నేనూ చూశాను.