పిల్లల జవాబులూ మనమే రాయాలి

6 నవంబరు 2006, సోమవారం. ఉదయం 5.30
ఎమ్మే చదివి ఇరవై ఏళ్లు ఇంట్లో ఉన్నాక, నలభై మూడో ఏట బీఈడీలో చేరాను. చిన్నపిల్లల టీచర్ని కావాలి. పదిహేడున పరీక్ష పాఠం, ఇక్కడే గద్వాలలో ఓ ప్రాథమిక పాఠశాలలో.
పాఠ్యప్రణాళికలో రెండు గడులు. ఎడమవైపు నేను అడిగే ప్రశ్న, కుడివైపు పిల్లలు చెప్పే జవాబు. పిల్లల మొహం చూడకముందే వాళ్ల జవాబు మనమే రాయాలి. అందరూ నిరుటివాళ్ల రికార్డు పుస్తకం చూసి దించేస్తారు.
నిర్ణయం: నేను దించను. అడిగి, విన్న జవాబే రాస్తాను.

7, మంగళవారం. సాయంత్రం
ఇంట్లోనే సాధన. విద్యార్థులు: బడి మొహం చూడని మా అత్తమ్మ అలివేలమ్మ, పక్కింటి జంగమ్మ, మగ్గం దిగకుండానే మా ఆయన నర్సింహ. పరీక్ష పాఠమే: వర్షం.
"ఆకాశంలో మబ్బులు కమ్మితే ఏం పడుతుంది?"
"ఏం పడది," అంది అత్తమ్మ. "రాయచూరు దిక్కు పోతయి."
ఉన్నదున్నట్టు రాసుకున్నాను. పాఠం పేరు 'వర్షం' అని మాత్రం ఎవరితోనూ చెప్పించలేకపోయాను.

8, బుధవారం
జంగమ్మ ఇద్దరు తోడికోడళ్లను వెంటబెట్టుకొచ్చింది. ముగ్గురి చేతుల్లో పళ్లేలు.
"ఇవెందుకు?"
"బడి అంటివి గద పుష్పా. బువ్వ పెట్టకుంటే గదేం బడి?"
అన్నం, పప్పు వండాను. పాఠం జరగలేదు. హాజరు నూటికి నూరు.

10, శుక్రవారం
హాజరు: పదకొండు. అత్తమ్మ తనకు తానే లీడరైంది. అందరి తరఫున గుడ్డు అడిగింది.
"సర్కారు బళ్ల పెడుతున్నరంట. నువ్వు ఎమ్మే చదివినవ్, ఒక్కటన్న పెట్టవా?"
ఉడకబెట్టాను. రికార్డులో ఇప్పటికీ ఒక్క జవాబే.

12, ఆదివారం
కాలేజీలో నా పక్కన కూర్చునే అర్చన దగ్గర నిరుటి రికార్డు తెచ్చాను. చూడటానికే. మార్జిన్లు ఎలా కొట్టారో తెలియాలి కదా.

14, మంగళవారం
మార్జిన్లతోపాటు తొమ్మిది పాఠాలు దించాను. నర్సింహ తొంగిచూశాడు.
"అడగకుండనే జవాబులు రాస్తున్నవ్. ఇంగ పిల్లలెందుకు?"
ఇది తాత్కాలికమని చెప్పాను.

17, శుక్రవారం
నాలుగో తరగతి. పరీక్షకురాలు వెనక కూర్చుంది. నేను నోరు తెరిచాను. తెరవడమే.
"మబ్బులు టీచర్. వర్షం టీచర్. వర్షం వల్ల చెరువులు నిండును టీచర్."
ముప్పై మంది ఒకే గొంతుతో ఆఖరి జవాబు దాకా చెప్పేసి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. శిక్షణకు వచ్చేవాళ్లంతా ఏటా ఈ పాఠమే చెప్పి వెళ్తారట. ఏం చేయాలో తోచక, చెప్పేసిన జవాబులకు ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగాను. పిల్లలు ఓపికగా విన్నారు.
పరీక్షకురాలు రాసింది: "విద్యార్థుల స్పందన అద్భుతం." నలభైకి ముప్పై తొమ్మిది.
వరండాలో భవ్యశ్రీ అనే పిల్ల నా కొంగు పట్టుకుంది. "టీచర్, సోమారం మీరే వస్తరా? ఇంగో టీచరొస్తే మళ్ల వర్షమేనా?"
కొంగు విడిపించుకుని గేటు దాటాను.

19, ఆదివారం
ముప్పై తొమ్మిది మార్కులకు ఇంట్లో అందరికీ సంతోషం. నాకే అనుమానం. ఆ నలభై నిమిషాల్లో నేను ఎవరికి ఏం చెప్పాను? పిల్లలు నాకు చెప్పారు.
ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ హన్మమ్మ గారింటికి వెళ్లి, రేపు ఒక్క గంట ఇమ్మని అడిగాను.
"పరీక్ష అయిపాయె గద మేడం, మళ్లెందుకు?" అని వింతగా చూసి, "నాలుగో తరగతికి సారు లేడు. వస్తే సాయంత్రం దాంక మీరే చూసుకోవాలె," అన్నారు.

20, సోమవారం. ఉదయం
నిర్ణయం: ఈరోజు నుంచి దించను.
ప్రశ్న రాశాను: 'మీ ఇంట్లో మీ ఒక్కరికే తెలిసిన సంగతి ఏమిటి?' కుడి గడిలో చెయ్యి దానంతటదే 'విద్యార్థులు ఉత్సాహముగా చెప్పెదరు' అని రాసింది. కొట్టేశాను.
భవ్యశ్రీ అడిగినదానికి రాయాల్సిందేమీ లేదు. గంట కొట్టే వేళకు నేను బడి గేటు దగ్గర కనిపిస్తే చాలు.